కుళాయి పాలు

మా నగరంలో కుళాయి తిప్పితే పాలు వస్తాయి. ఇది నా మాట కాదు. నగర జల మండలి వారు గుండ్రటి ముద్ర వేసి, ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టి చెప్పిన మాట. పదో తరగతి మధ్యలో బడి మానేసి పెళ్లిపీటలెక్కినదాన్ని కాబట్టి, ఆ ముద్ర చూసేదాకా నేను వాటిని నీళ్లే అనుకున్నాను.

మా వీధి మొత్తం అలాగే అనుకునేది. సున్నం తేలి తెల్లగా ఉండే ఆ నీళ్లకు సబ్బు నురగ రాదు. ఎంత రుద్దినా చేతికి జిడ్డులా అంటుకుని ఊరుకుంటుంది. ఉతికిన బట్టలు ఆరేసరికి అట్టముక్కలవుతాయి. మా ఆయన మాల్యాద్రి బట్టల కొట్లో పనిచేస్తాడు. ఆయన చొక్కా తీగ మీద నుంచి తీసి గోడకు ఆనిస్తే, ఆయన లేకుండానే అది కొట్టుకు వెళ్లిపోయేటట్టు నిటారుగా నిలబడుతుంది. కందిపప్పు పొయ్యి మీద పెడితే గ్యాసు అయిపోతుంది గానీ పప్పు మెత్తబడదు. బిందెల్లోపల సున్నం. నీళ్లు కాచుకునే హీటరు కడ్డీ మీద సున్నం. టీ మీద తెట్టు.

పెద్దవాళ్లం ఎలాగో సర్దుకుంటాం. నా భయమంతా మా లాస్య గురించి. మూడేళ్ల పిల్ల. పుట్టడమే తక్కువ బరువుతో పుట్టింది. తలంటి పోసిన రోజల్లా ఒళ్లు పొడిబారి గీరుకుంటూనే ఉంటుంది. అంగన్‌వాడీలో తూకం వేశాక చుక్క పెట్టే పటం ఒకటుంటుంది, దానిమీద మూడు రంగుల పట్టీలు. ఆకుపచ్చలో చుక్క పడితే పిల్ల బాగున్నట్టు. పసుపులో పడితే జాగ్రత్త. ఎరుపులో పడితే ఆసుపత్రి. మా లాస్య చుక్క పసుపులో, ఎరుపును ఆనుకుని ఉండేది. అది అటు జారకుండా ఆపుతున్నది ఒక్కటే, అంగన్‌వాడీలో పొద్దున్నే ఇచ్చే గ్లాసుడు పాలు. ఇంట్లో ముద్ద పెడితే బుగ్గన దాచుకుని గంటసేపు నన్ను ఏడిపించే పిల్ల, అక్కడ తోటిపిల్లలతో పోటీపడి గటగటా తాగేసేది. మూతి మీద తెల్లమీసంతో ఇంటికి వచ్చేది. ఆ మీసం చూస్తే నాకు ఆ పూటకు ధైర్యం.

ఆ రోజుల్లోనే మా పక్కింటి ఖాసింబీ అత్త నడుం కట్టింది. ఆమె నడుం కడితే వీధిలో మిగతావాళ్లం కొంగులు బిగించి వెనక నడవాల్సిందే. ఉడకని పప్పు ఒక గిన్నెలో, సున్నం పట్టిన హీటరు కడ్డీ ఒక సంచిలో పెట్టుకుని, అర్జీలు తీసుకునే రోజు చూసి జల మండలి ఆఫీసుకు పోయాం. ముఖ్య ఇంజనీరు పరాంకుశం గారు మమ్మల్ని కూర్చోమనకుండానే ఎంతో మర్యాదగా మాట్లాడారు.

"అమ్మా, మీరు గట్టి నీళ్లు, గట్టి నీళ్లు అంటున్నారు. అది ప్రతికూల పదజాలం. మండలి పరిభాషలో దాన్ని ఖనిజ సమృద్ధి అంటాం."

"ఏదో ఒకటి అనుకోండి సారూ. పప్పు ఉడకాలగా?" అంది ఖాసింబీ అత్త.

"పప్పు మా శాఖ పరిధిలోకి రాదు. పౌర సరఫరాల వారిని సంప్రదించండి."

అత్త సంచిలోంచి కడ్డీ తీసి బల్ల మీద ఠక్కున కొట్టింది. తెల్లటి పెళ్లలు లేచి ఫైళ్ల మీద పడ్డాయి. "ఇది ఏ శాఖలోకి వస్తది?"

పరాంకుశం గారికి కోపం రాలేదు. ఒక పెళ్లను రెండు వేళ్లతో పట్టుకుని కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూశారు. "ఇదేమిటో మీకు తెలుసా?"

"సున్నం."

"కాల్షియం! స్వచ్ఛమైన కాల్షియం. పిల్లల ఎముకలకు కాల్షియం కావాలని డాక్టర్లు చెబుతారా, లేదా?"

"చెబుతారు."

"దానికోసం మీరు పిల్లలకు ఏం ఇస్తారు?"

"పాలు," అంది అత్త.

పరాంకుశం గారు కుర్చీలోంచి సగం లేచారు. "మరయితే ఇన్నాళ్లుగా మండలి మీ ఇళ్లకు ఏం సరఫరా చేస్తున్నట్టు?"

మేం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. ఆయన గుమాస్తా వైపు తిరిగి, "లబ్ధిదారులు ఎవరూ అభ్యంతరం చెప్పలేదని రాసుకోవయ్యా," అన్నారు.

బయటికి వచ్చాక ఖాసింబీ అత్త అడిగింది, "ఏమే ఝాన్సీ, మనం గెలిచినట్టా, ఓడినట్టా?" ఏమో, నాకూ తెలియలేదు.

వారం తిరగకుండా తెలిసింది. కూడలిలో నిలువెత్తు బోర్డు పెట్టారు. దానిమీద కుళాయి, కుళాయి కింద దోసిలి పట్టిన బొద్దుపాప, పక్కన మండలి అధ్యక్షులు రంగనాథ ప్రసాద్ గారి నవ్వుముఖం. కింద 'ఇంటింటికీ క్షీరధార' అని పెద్ద అక్షరాలు. ఉత్తర్వు పేపర్లో వేశారు. మా ఆయన కూడబలుక్కుంటూ పైకి చదివాడు. "నగర పరిధిలో కుళాయిల ద్వారా సరఫరా అగు తెల్లని ద్రవమును, తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు, పాలుగా పరిగణించవలెను."

"పరిగణించవలెను అంటే?" అన్నాను.

"అనుకోవాలంట."

"అనుకోకపోతే?"

పేపరు మడిచి, "నాకు కొట్టుకు టైమయింది," అన్నాడు.

ఆ ఉత్తర్వుకు కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉందని మర్నాడు అంగన్‌వాడీలో తెలిసింది. ఒకే పిల్లకు రెండుసార్లు పాలు అందడం వృథా కనుక, అంగన్‌వాడీ పాలు నిలిపివేయడమైనది.

నేను వెళ్లేసరికి పాల వేళయింది. మేరీరత్నం టీచరమ్మ పిల్లలను వరసగా కూర్చోబెట్టి, ఆయమ్మ చేత బకెట్లోంచి గ్లాసుల్లోకి కుళాయి నీళ్లు పోయిస్తోంది. ముఖం పక్కకు తిప్పుకుని పోయిస్తోంది.

"ఏంది టీచరమ్మా ఇది?"

"పాలు తల్లీ," అంది. తర్వాత గొంతు తగ్గించి, "నన్నేం అడగబాక. పైనుంచి ఆర్డరు. నీళ్లు అనే మాట నా నోట రాకూడదంట," అంది.

లాస్య ఒక గుక్క తాగి, గ్లాసులోకి తొంగి చూసి, మళ్లీ నా వైపు చూసింది. "అమ్మా, పాలు ఉప్పగున్నాయి."

"తాగు బంగారూ," అన్నాను. ఇంకేమనాలి? ఆ రోజు పిల్ల మూతికి మీసం లేకుండా ఇంటికి వచ్చింది.

ఇక అక్కణ్ణుంచి ఉత్తర్వు దాని కాళ్ల మీద అది నడవడం మొదలుపెట్టింది. ఒళ్లంతా పాలు పోసుకోవడం విలాసం కిందికి వస్తుంది కనుక స్నానానికి పరిమితి పెట్టారు. వాకిట్లో కల్లాపి చల్లితే పాలు పారబోసినట్టు. "మరి దొడ్డికి పోయినప్పుడు ఏం చెయ్యాలంట?" అని ఖాసింబీ అత్త మండలికి ఫోను చేసి అడిగింది. ఆ విషయం అధ్యయన సంఘం పరిశీలనలో ఉందనీ, అంతవరకు సంయమనం పాటించాలనీ చెప్పారు.

ఒక మధ్యాహ్నం మా ఇంటికే ముగ్గురు వచ్చారు. చేతికి తెల్లపట్టీలు కట్టుకున్నారు. క్షీర సంరక్షణ దళం అట.

"మీ ఇంట్లో వెన్న తీస్తున్నారని సమాచారం," అన్నాడు వాళ్లలో పెద్దవాడు.

"వెన్నా? మా ఇంట్లోనా?" మజ్జిగనీళ్లతో సరిపెట్టుకునే ఇంట్లో వెన్న మాట వినేసరికి నాకు నవ్వొచ్చింది.

అతను నవ్వలేదు. "ఆ గోడకు తగిలించిన యంత్రం ఏమిటి?"

"ఫిల్టరండి. కొట్టు యజమాని వాళ్లు కొత్తది పెట్టుకుని పాతది ఇచ్చారు. పిల్లకు ఒకటే దురదలని..."

"పాలలోంచి సారం వేరుచేయు యంత్రం. సారం తీసేస్తే మిగిలేవి వెన్న తీసిన పాలా, కాదా? అనుమతి పత్రం చూపించండి."

ఫిల్టరు ఊడదీశారు. ఈలోగా స్నానాల గదిలోంచి రెండోవాడు కేక వేశాడు. "సార్! ఇక్కడ మీగడ!"

పెద్దవాడు పరుగెత్తాడు. హీటరు కడ్డీని రెండు చేతులా ఎత్తి చూస్తూ, "ఇంత మందాన మీగడ కడుతుంటే మీకు ఇంకా ఏం లోటమ్మా?" అన్నాడు. అంతలో అతని కన్ను కుళాయి పక్కన ఉన్న నిమ్మచెక్క మీద పడింది. ముఖం మారిపోయింది.

"ఇదెందుకు?"

"కుళాయి మీద తెల్లచార పోతుందని రుద్దానండి."

"పాలలో నిమ్మకాయ పిండితే ఏమవుతుంది?"

"విరుగుతాయండి."

"రాసుకోవయ్యా. ఉద్దేశపూర్వకంగా పాలు విరిచారు. నేరం ఆమే ఒప్పుకుంది."

నిమ్మచెక్కను సాక్ష్యంగా కవర్లో వేసి, కవరు మూతికి లక్క అంటించి పట్టుకుపోయారు. మర్నాటి నుంచి మా వీధి కూరగాయల బండివాడు నిమ్మకాయలను గోనె కింద దాచి, అటూ ఇటూ చూసి అమ్మడం మొదలుపెట్టాడు.

ఈ నగరంలో ఆ ఉత్తర్వు వల్ల బాగుపడ్డవాడు పాల వెంగయ్య ఒక్కడే. పాలలో నీళ్లు కలుపుతాడని వీధి వీధంతా ఆయన్ను తిట్టినవాళ్లమే. ఇప్పుడాయన సైకిలుకు మండలి వారి ప్రశంసాపత్రం కట్టుకుని వస్తున్నాడు.

"చూడమ్మాయ్, ఇన్నేళ్లూ దొంగనా కొడుకునన్నారు నన్ను. ఇప్పుడు నేను కలిపేది నీళ్లు కాదు, పాలలో పాలు. సర్కారే నా దారికొచ్చింది!" అని నవ్వాడు. కొలత పాత్ర పెద్ద క్యానులో ముంచబోయి ఆగాడు. లాస్య వైపు చూసి, సైకిలు హ్యాండిలుకు వేలాడుతున్న చిన్న క్యాను విప్పాడు. "ఇయ్యి పసిదానికి. దీంట్లో సర్కారు పాలు చుక్క కలపలా. ఎవురికీ చెప్పబాక."

ఆ చిన్న క్యాను పాల కోసం మా ఆయన టీ మానేశాడు, నేను పెరుగు మానేశాను. అయినా వచ్చేవి సగం గ్లాసు. అవైనా ఇంట్లో ఒంటరిగా తాగమంటే లాస్య తాగదు. పదిమంది పిల్లలు పక్కన ఉండాలి దానికి. అందుకని కాచి చల్లార్చి ప్లాస్టిక్ సీసాలో పోసుకుని, అది ఎప్పుడు నోరు తెరుస్తుందా అని రోజంతా దాని వెనక తిరిగేదాన్ని.

తూకం రోజు వచ్చింది. సూపర్‌వైజరమ్మ కూడా వచ్చింది. మేరీరత్నం టీచరమ్మ లాస్యను తూకంలో కూర్చోబెట్టి, ముల్లు చూసి, పటంలో చుక్క పెట్టకుండా పెన్ను పట్టుకుని నిలబడిపోయింది.

"పెట్టవమ్మా," అంది సూపర్‌వైజరమ్మ.

చుక్క ఎరుపులో పడింది.

"అదెట్లా? ఇంటి దగ్గరా పాలే, ఇక్కడా పాలే. పొద్దస్తమానం పాలు తాగే పిల్ల ఎరుపులో ఉండటానికి వీల్లేదు. తూకం తప్పు," అంది సూపర్‌వైజరమ్మ. మళ్లీ తూచారు. ముల్లు అక్కడే ఆగింది. "అయితే పటం తప్పు," అంది. ఆ తప్పు చాలా కేంద్రాల్లో బయటపడుతోందట. మండలి వారు అందుకోసం ఆకుపచ్చ రంగు, కుంచె ముందే పంపించారు. ఎరుపు మీద, పసుపు మీద నున్నగా రంగు పూసింది. ఒక్క నిమిషంలో మా లాస్య ఆసుపత్రిలో చేర్చవలసిన పిల్ల కాస్తా ఆదర్శ బాలిక అయింది.

పటం పట్టుకుని, పిల్లను చంకనేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాను. డాక్టరుగారు లాస్య కళ్లు చూశారు, చేతులు చూశారు, పటం చూశారు. "పటంలో ఆకుపచ్చ ఉంటే చేర్చుకోవడానికి రూలు ఒప్పుకోదమ్మా. బాగా పాలు పట్టు," అన్నారు.

"ఏ పాలండీ?"

ఆయన తలుపు వైపు ఒకసారి చూసి, నాకొక్కదానికే వినబడేటట్టు, "గేదె పాలు," అన్నారు.

నేను ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను. లాస్య నా కొంగుతో నా ముక్కు తుడిచింది.

ఆ తర్వాత నాలుగు రోజులకు జల మండలి జీపు మా గుమ్మం ముందు ఆగింది. ఇంకో నిమ్మచెక్క దొరికిందేమో అనుకున్నాను. కాదు, పిలుపు. మండలికి కొత్త మేడ కట్టారు, పేరు క్షీర భవన్. దాని గృహప్రవేశానికి పొయ్యి వెలిగించి పాలు పొంగించడానికి ఒక ముత్తయిదువ కావాలి. నగరం మొత్తం మీద ఎరుపు నుంచి ఆకుపచ్చకు అంత వేగంగా ఎగబాకిన పిల్ల మా లాస్యేనట. అందుకని ఆ భాగ్యం నాకు.

"పోబాకే," అన్నాడు మా ఆయన.

"పోవే," అంది ఖాసింబీ అత్త. "పోయి ఆ పెద్దాయన మొహం మీద అడుగు, నా బిడ్డ పాలు ఏవని. నేనూ వస్తా."

"అడగడం సరే, అవి పొంగకపోతే పొయ్యి ముట్టించినదాన్నే దోషి అంటారేమో అత్తా," అన్నాను. అయినా వెళ్లాను. లాస్యను చంకనేసుకుని, సీసాలో దాని పాలు పోసుకుని మరీ వెళ్లాను.

క్షీర భవన్ ముందు షామియానా, బాజాలు, కెమెరాలు, ముందు వరసలో కూర్చోబెట్టిన అంగన్‌వాడీ పిల్లలు. గుమ్మానికి మామిడి తోరణాలు. గుమ్మం ఎదురుగా కొత్త పొయ్యి, దానిమీద పసుపుకుంకాలు పెట్టిన పెద్ద ఇత్తడి బిందె. అధ్యక్షులు రంగనాథ ప్రసాద్ గారు పట్టుపంచె కట్టుకుని వచ్చారు. పక్కనే కర్ర పొడుచుకుంటూ ఆయన తల్లి తాయారమ్మ గారు. పంతులుగారు సంచిలోంచి పాలప్యాకెట్టు తీయబోతే పరాంకుశం గారు చేయి పట్టుకున్నారు.

"పంతులుగారూ! బయటి పాలా? మండలి పాలు ఉండగా? కెమెరాలున్నాయండీ." ప్యాకెట్టును అక్కడికక్కడే జప్తు చేసి జీపులో పెట్టి పంపించేశారు. ఇద్దరు ఉద్యోగులు తెల్ల చేతితొడుగులు వేసుకుని కుళాయి నుంచి క్షీరధారను మోసుకొచ్చి బిందెలో పోశారు. "తూర్పు దిశకు పొంగేలా బిందెను కొద్దిగా వంచి అమర్చాం సార్," అని పరాంకుశం గారు విన్నవించారు.

నేను పొయ్యి వెలిగించాను. బాజాలు మోగాయి. అందరూ బిందెకేసి చూస్తూ నిలబడ్డారు.

నీళ్లు కాగాయి. మరిగాయి. కుతకుతలాడాయి. బాజాలవాళ్లు బుగ్గలు నొప్పి పుట్టి ఆపేశారు. బిందెలో మట్టం పెరగకపోగా తగ్గుతూ వచ్చింది. అంచు చుట్టూ తెల్లగా ఒక గీత కట్టింది.

"మరుగుట, పొంగుట సాంకేతికంగా ఒకే ప్రక్రియ సార్. పొంగినట్టు పరిగణించి లోపలికి దయచేయవచ్చు," అన్నారు పరాంకుశం గారు.

అధ్యక్షులు కుడికాలు ఎత్తారు. తాయారమ్మ గారి కర్ర అడ్డం పడింది. "ఏరా రంగా, బుద్ధుందా? పాలు పొంగని కొంపలోకి అడుగు పెడతావా? వంశం ఏమైపోవాలని?"

"అమ్మా, ఉత్తర్వు ప్రకారం..."

"నీ ఉత్తర్వు నా ముందా? పొంగితేనే కదులు. నేనిక్కడే ఉన్నా."

ఎత్తిన కాలు కిందికి దిగింది. పంతులుగారు ముహూర్తం దాటిపోతోందని గుర్తుచేశారు. పరాంకుశం గారు చెమటలు తుడుచుకుంటూ ఒక ఉద్యోగి చెవిలో ఏదో చెప్పారు. వాడు పరుగున వెళ్లి బట్టల సబ్బుపొడి తెచ్చి, దండ వేస్తున్నట్టు వంగి, గుప్పెడు బిందెలో వేశాడు. నురగ వచ్చి పొంగుతుందని వాళ్ల ఆశ. మా వీధిలో ఏ ఆడదాన్ని అడిగినా చెప్పేది, ఆ నీళ్లలో సబ్బు నురగ రాదని. ఇంకో గుప్పెడు వేశారు. జిడ్డుగా ఒక తెట్టు తేలింది. అంతే.

"మీగడ కట్టింది సార్!" అన్నారు పరాంకుశం గారు. అప్పటికి ఆయన గొంతులో పస లేదు.

సరిగ్గా అప్పుడే మా లాస్య, తోటిపిల్లల మధ్య కూర్చుని ఉండటం వల్లనేమో, తనంతట తానే "అమ్మా, పాలు," అని చేయి చాపింది. అన్నాళ్లకు అడిగింది! నేను సంతోషంగా సంచిలోంచి సీసా తీశాను. అధ్యక్షుల చూపు సీసా మీద వాలింది.

"అమ్మా, ఆ సీసాలో ఏముంది?"

వెంగయ్య మాట గుర్తొచ్చింది. "నీళ్లండి," అన్నాను.

"తెల్లగా ఉన్నాయే?"

"మన కుళాయి నీళ్లు తెల్లగానే ఉంటాయి కదండీ."

"పాలు కదమ్మా అవి! మంచి పాలు! ఇలా ఇయ్యి తల్లీ, ముహూర్తం మించిపోతోంది."

సీసా వెనక్కి లాక్కున్నాను. మాట దానంతట అదే బయటికి వచ్చేసింది. "ఇవి పాలయితే, బిందెలో ఉన్నవేంటండీ?"

కెమెరాలవాళ్లు ఇటు తిరిగారు. అధ్యక్షులు పరాంకుశం గారిని చూశారు. పరాంకుశం గారు ఆకాశాన్ని చూశారు.

"అవి... ఖనిజ సమృద్ధ..."

"నీళ్లురా, నీళ్లు!" తాయారమ్మ గారు కర్ర నేలకేసి కొట్టారు. "చెప్పి తగలడు! పొంగనివి పాలెట్లా అవుతాయిరా?"

"నీళ్లు," అన్నారు అధ్యక్షులు నేల చూపులు చూస్తూ.

"మైకులో చెప్పండి సారూ, మా ముసలోళ్లకు ఇనపడలా," అంది వెనకనుంచి ఖాసింబీ అత్త.

నాకు ధైర్యం వచ్చింది. "అవి నీళ్లు, ఇవి పాలు అని చెప్పండి. రేపటి నుంచి అంగన్‌వాడీలో మళ్లీ పాలు పోస్తామని చెప్పండి. అప్పుడిస్తాను. ఇవి నా బిడ్డ పాలండీ. దీనికి ఇవి తప్ప లేవు."

మైకు తెచ్చారు. అధ్యక్షులు చెప్పారు, రెండు ముక్కలూ చెప్పారు. నేను సీసా మూత తీశాను. బిందె దింపించి, పంతులుగారి సంచిలో ఉన్న చిన్న ఇత్తడి గిన్నెలో పోసి పొయ్యి మీద పెట్టాను. అసలైన గేదె పాలు, ఒకసారి కాచినవే అయినా, రెండు నిమిషాల్లో అంచు మీదికి ఉబ్బి, తూర్పో పడమరో చూసుకోకుండా నాలుగు వైపులా పొంగి పొయ్యిలో పడ్డాయి. బాజాలు మోగాయి. అందరూ చప్పట్లు కొట్టారు. అధ్యక్షులు కుడికాలు లోపల పెట్టారు.

లాస్య పొయ్యి చుట్టూ పారిన పాలను చూసి, "అమ్మా, నా పాలన్నీ కింద పోయినాయి," అంది.

అన్న మాట ప్రకారం అంగన్‌వాడీకి పాలు వచ్చాయి. ఆ విషయంలో నేను అబద్ధమాడకూడదు. పాలతో పాటు కొత్త ఉత్తర్వు కూడా వచ్చింది. "పొంగునదియే పాలు. కావున ప్రతి కేంద్రమందును పిల్లలకు ఇచ్చు పాలను, ప్రతిదినము సూపర్‌వైజరు సమక్షమున పొంగించి, పొంగి పొర్లినట్లు ధ్రువీకరించిన పిమ్మటనే పంచవలెను." గిన్నె నిండా పోసి, కిందికి పొర్లేదాకా మంట తగ్గించకూడదట. మొదటి రోజు పాలు సగం పొయ్యిలో పోయాయి. నిబంధన పూర్తయిందని సూపర్‌వైజరమ్మ సంతకం పెట్టింది. పిల్లల గ్లాసుల అడుగున కాసిని పాలు కనిపించాయి.

రెండో రోజు ఖాసింబీ అత్త వాళ్లింట్లో బిర్యానీ వడ్డించే పెద్ద తాంబాళం మోసుకొచ్చింది. దాన్ని శుభ్రంగా కడిగి, పొయ్యి మీద మొదట తాంబాళం పెట్టి, దాని నడుమ పాలగిన్నె పెట్టాం.

"ఇదేంటి?" అంది సూపర్‌వైజరమ్మ.

"పొంగాలనే ఉందిగా అమ్మా ఆర్డర్లో," అంది మేరీరత్నం టీచరమ్మ, "ఏడ పడాలో లేదుగా."

సూపర్‌వైజరమ్మ ఉత్తర్వును అటు తిప్పి ఇటు తిప్పి చదివింది. నిజంగానే లేదు. పాలు పొంగి తాంబాళంలో పడ్డాయి. ఆమె సంతకం పెట్టి వెళ్లిపోయింది. తాంబాళాన్ని నలుగురం నాలుగు చెవులు పట్టుకుని ఎత్తి, చుక్క పోకుండా గ్లాసుల్లోకి వంచాం. ఈ సంగతి మండలి దాకా ఇంకా పోలేదు. మీరు చదివారు కాబట్టి చెబుతున్నాను, మీరూ చెప్పకండి.

లాస్య పిల్లల మధ్య కూర్చుని గ్లాసు రెండు చేతులా పట్టుకుంది. పటం మీద ఆకుపచ్చ రంగు గోకితే కింద ఎరుపు ఇంకా ఉంది. మేరీరత్నం టీచరమ్మ గోటితో కొంచెం గోకి, ఎవరికీ కనబడని చోట అసలు చుక్క పెడుతోంది. మొన్నటి చుక్క పసుపు అంచును తాకింది.

"ఏమే ఝాన్సీ," అంది ఖాసింబీ అత్త నా పక్కన చతికిలబడుతూ, "పాల సంగతి అయిందిగా. నీళ్లు ఎప్పటిమాదిరే చచ్చాయి. పప్పు రాళ్లకు మల్లే ఉంది. ఇంకోసారి పోయి అర్జీ ఇద్దామా?"

ఇంకో అర్జీ ఇస్తే ఇంకో ఉత్తర్వు వస్తుంది. ఆ ఉత్తర్వు పప్పును ఏమని పరిగణిస్తుందో ఎవరు చూడొచ్చారు? లాస్య గ్లాసులో ఇంకా సగం మిగిలి ఉంది.

"ఆగత్తా, అడగబాక," అన్నాను. "ముందు ఆ పిల్లను తాగనీ."

లాస్య గ్లాసు దించింది. మూతి మీద తెల్లటి మీసం ఉంది. అది తుడవబోయిన ఆయమ్మ చేయి పట్టుకుని ఆపాను.